చిన్న కారుకు క్రూయిజ్ కంట్రోల్

అయ్యా,

యాక్సిలరేటర్ తొక్కకుండానే కారును ఒకే వేగంతో నడిపే ఏర్పాటును క్రూయిజ్ కంట్రోల్ అంటారు. చిన్న కార్లకు ఆ కిట్లు బయటి దుకాణాల్లో బిగిస్తున్నారు. హైదరాబాద్–విజయవాడ రహదారిపై గంటల తరబడి యాక్సిలరేటర్ మీద కాలుంచితే నా మోకాలు ఊరుకోదు. అందుకే నేనూ ఒక దుకాణానికి వెళ్లాను.

అప్పుడే బిగించిన ఒక కారు డ్యాష్‌బోర్డు కిందికి టార్చి వేసి చూస్తే గుండె జారింది. బ్రేకు స్విచ్చి వైరును బ్లేడుతో గీరి, మరో వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు, అంతే! మన ఎండలకు ఆ టేపు ఎన్నాళ్లుంటుంది? వైరు ఊడితే బ్రేకు తొక్కిన సంగతి పరికరానికి తెలియదు. కాలు తీయగానే కారు మళ్లీ వేగం అందుకుంటుంది.

"క్లచ్ తొక్కితే క్రూయిజ్ కంట్రోల్ ఆగుతుందా?" అని అడిగాను.

"బ్రేకు ఉంది కదండీ" అన్నాడు మెకానిక్.

అంటే క్లచ్‌కు ఆగదన్నమాట! గేరు మార్చబోతే ఇంజను గావుకేక పెట్టినా సర్దుకోవాలి కాబోలు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధమైన మార్పుల గురించి చెబుతుంది. ఈ కిట్లు దాని పరిధిలోకి వస్తాయో రావో రవాణా శాఖ తేల్చి చెప్పాలి. బ్రేకు, క్లచ్ రెండింటికీ స్పందించని కిట్లను అమ్మనివ్వకూడదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట