మామా, చెల్లెలి ఎమ్మే సంగతి

అనంతపురం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. చెల్లెలిని ఇంగ్లీషు ఎమ్మేలో చేర్చడానికి మీ నాయన ఇంకా మెత్తబడలేదన్నమాట. "ఇంగ్లీషు బాగానే మాట్లాడుతుంది కదా, ఇంకా రెండేళ్లు ఏం నేర్పిస్తారు?" అన్నాడా? మా ఇంట్లోనూ అప్పట్లో ఇదే మాట. మా వీధిలో ఇప్పటికీ నన్ను చూస్తే పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పమంటారు. ఎస్కేయూలో, అదే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో, ఎమ్మే చదివినప్పుడు మాకు మాట్లాడటం ఎవరూ నేర్పలేదురా. చదివించారు, చదివినదాని మీద రాయించారు, అంతే.

హార్డీ నవల ఒకటుంది, 'ద మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్', 1886 నాటిది. అందులో హెంచర్డ్ అనే ధాన్యం వ్యాపారి, కోతలప్పుడు వానలు పడి పంట పాడవుతుందని నమ్మి బోలెడు ధాన్యం కొని పెట్టుకుంటాడు. ఎండ కాస్తుంది. ధర పడిపోయి నష్టానికి అమ్మేస్తాడు. తీరా అమ్మేశాక, సరిగ్గా కోతల్లో వాన! మా క్లాసులో సగం మంది శెనక్కాయ రైతుల పిల్లలం. ఆ అధ్యాయం మాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఏడిపించేది సాహిత్య సిద్ధాంతాల పేపరు, థియరీ. అందులో వచ్చే ఫ్రెంచి తత్వవేత్త డెరిడా పేరు వింటే నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది. అన్నట్టు, షేక్‌స్పియర్ పాత్రలు వేసిన బళ్లారి రాఘవ పుట్టింది మా తాడిపత్రిలోనే, తెలుసా?

ఇక ఉద్యోగాలు. ఉత్త ఎమ్మేతో చేతికొచ్చేది తక్కువ. మీ నాయన దగ్గర దాచొద్దు. స్కూలు టీచరు కావాలంటే బీఈడీ, టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన ఉద్యోగాల కోసం పెట్టే డీఎస్సీ. అది ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష గానీ, సెట్ అనే రాష్ట్ర పరీక్ష గానీ పాసవ్వాలి, లేదంటే పీహెచ్‌డీ. నెట్‌కు ఎమ్మేలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉంటే 50. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. ఎమ్మే చివరి ఏడాదిలోనే రాయొచ్చు. మంచి మార్కులొచ్చి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తగిలితే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37 వేలు. మీ నాయనకు ముందు ఈ అంకె చెప్పు, మిగతావి తర్వాత.

ప్రైవేటు కాలేజీల మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఇంటర్‌లో ఏ గ్రూపుకైనా ఇంగ్లీషు తప్పదు కాబట్టి పని దొరుకుతుంది. కానీ ఎండాకాలం సెలవులకు జీతం ఇవ్వని చోట్లు కూడా ఉన్నాయి.

బెంగళూరు, హైదరాబాద్ వెళ్తే కంటెంట్ రైటింగ్, ఎడిటింగ్, సబ్‌టైటిల్స్, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెక్నికల్ రైటింగ్. అక్కడ సర్టిఫికెట్ కన్నా నువ్వు రాసింది చూపించమంటారు. నన్నడిగితే చెల్లెలికి అనువాదం బాగా నప్పుతుంది. మీ అవ్వ దగ్గర పెరిగింది, దాని తెలుగు గట్టిది. రెండు భాషలూ సరిగ్గా రాసేవాళ్లు తక్కువరా ఇప్పుడు. సివిల్స్ పిచ్చి ఉందన్నావు కదా, ఇంగ్లీషు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకోవచ్చు.

ముందు పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష పీజీసెట్‌కు అప్లై చేయించు. మీ నాయన హైదరాబాద్ పంపిస్తానంటే అక్కడి ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ కూడా చూడండి, దాని ప్రవేశాలు వేరే. నా నెట్ పుస్తకాలు అటక మీదున్నాయి, ఈసారి వచ్చినప్పుడు పట్టుకుపో. మీ నాయనతో మాట్లాడేటప్పుడు మాత్రం ఫోన్ నాకివ్వొద్దు. "నీకెంత జీతం నాయనా?" అని మొదలుపెడతాడు.

ఇట్లు
నీ మామ