సత్తిగా, ముందు నీ ఇంటి ప్లగ్గు సంగతి తేల్చు

హన్మకొండ

అరేయ్ సత్తిగా,

మొన్న ఫోన్లో "ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నా, బయట ఏ కంపెనీ చార్జర్ చీప్ రా, యూనిట్ ఎంత పడుతుంది?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే షిఫ్ట్ టైమైందని పెట్టేశావు. ఇది డ్యూటీకి పోతూ వినే ముచ్చట కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. చెల్లెకు కూడా చదివి వినిపించు. ఎట్లాగూ మీ ఇంట్లో లెక్కలు చూసేది తనే కదా.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. చార్జింగ్ స్టేషన్లు నడిపే కంపెనీల్లో టాటా పవరా, స్టాటికా, చార్జ్‌జోనా, జియో-బీపీనా అని నువ్వు తల బద్దలు కొట్టుకుంటున్నావు గానీ, వాటి మధ్య తేడా యూనిట్‌కు రెండు మూడు రూపాయలు, మహా అయితే ఆరు. నీ ఇంటి మీటర్‌కూ వాటన్నిటికీ మధ్య ఉన్న తేడా దగ్గర దగ్గర పద్నాలుగు రూపాయలు. కాబట్టి గోదావరిఖనిలో నీ అద్దింటి కింద కారు పక్కన ఒక పదిహేను ఆంప్స్ సాకెట్ పడుతుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. కారు రంగు, మోడల్, ఆప్‌లు అన్నీ ఆ తర్వాతే.

ఇంటి లెక్క చూద్దాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతావనుకో. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తే బాగా వచ్చినట్టే. అంటే బ్యాటరీలోకి 154 యూనిట్లు పోవాలి. ఇంటికొచ్చే ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటును బండి తన లోపల బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చుకునేటప్పుడు పదో వంతు వేడిగా పోతుంది, కాబట్టి మీటర్ మీద 170 పడుతుంది. ఇప్పుడు నీకు నెలకు 200 యూనిట్లు వస్తున్నాయనుకుంటే బిల్లు 820 రూపాయలు: మొదటి వంద 3.40 చొప్పున, రెండో వంద 4.80 చొప్పున. 200 దాటగానే స్లాబే మారిపోతుంది. మొదటి 200 కూడా యూనిట్ 5.10 అవుతుంది, ఆ పైన వందకు 7.70 చొప్పున, మరో వందకు 9 రూపాయల చొప్పున. అట్లా 370 యూనిట్లకు 2,420 వస్తుంది. కస్టమర్ చార్జీల వంటివి పక్కన పెడితే కారు కోసం నువ్వు అదనంగా కట్టేది 1,600. యూనిట్‌కు తొమ్మిదిన్నర లోపే. "ఇంట్లో అయితే యూనిట్ ఐదు రూపాయలే" అని షోరూంలో కుర్రాడు చెప్తే నవ్వి ఊరుకో, వాడికి స్లాబుల సంగతి తెలియదు.

అదే వెయ్యి కిలోమీటర్లు మొత్తం బయట చార్జర్ల మీదే నడిపితే? హైవే మీద ఫాస్ట్ చార్జర్లు మామూలుగా యూనిట్‌కు 18 నుంచి 24 దాకా తీసుకుంటున్నాయి. 20 అనుకో, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 23.60. నెలకు 3,630 దాటుతుంది. పెట్రోల్ కారైతే, లీటరుకు పదహారు ఇచ్చినా, 107 రూపాయల లెక్కన 6,690. కాబట్టి బయట చార్జింగ్ కూడా పెట్రోల్ కంటే చవకే, కాదనను. కానీ ఈవీకి, అంటే ఎలక్ట్రిక్ కారుకు, అదే సైజు పెట్రోల్ కారుకు ధరలో ఉన్న తేడాను ఆ మిగులే పూడ్చాలి. ఇంట్లో ప్లగ్గు ఉంటే నెలకు ఐదు వేలు మిగులుతుంది, లేకపోతే మూడు వేలు. నీ లోన్ ఈఎంఐ పక్కన పెట్టుకుని చూడు, ఆ రెండు వేల బరువు ఎంతో తెలుస్తుంది.

ఆ జీఎస్టీ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2018లో కేంద్ర విద్యుత్ శాఖ ఒక వివరణ ఇచ్చింది: బండికి చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మడం కిందికి రాదు, అది సర్వీసు అని. దాంతో లైసెన్సు గొడవ లేకుండా ఎవరైనా చార్జింగ్ స్టేషన్ పెట్టుకునే వీలు వచ్చింది, అంతవరకు మేలే. కానీ సర్వీసు అన్నాక పన్ను తప్పదు కదా. ఇంట్లో వాడే కరెంటుకు జీఎస్టీ లేదు, కారు కొంటే 5 శాతం, అదే కారుకు హోటల్ ముందు చార్జింగ్ పెడితే 18 శాతం! కొన్ని ఆప్‌లు పన్ను కలిపి రేటు చూపిస్తాయి, కొన్ని కలపకుండా చూపిస్తాయి. 21 అని చూపించేవాడు 19 అని చూపించేవాడి కంటే చవక కావచ్చు. బిల్లు చివర్లో వచ్చిన మొత్తాన్ని యూనిట్లతో భాగించి చూడు, అదే అసలు రేటు.

మన రాష్ట్రంలో చార్జింగ్ స్టేషన్లకు కరెంటు విడి కేటగిరీలో యూనిట్‌కు ఆరు రూపాయల చుట్టూ దొరుకుతుంది. ఆరుకు తెచ్చి ఇరవైకి అమ్ముతున్నారని మన శంకర్ మొన్న గరమయ్యాడు. వాడికి చెప్పిందే నీకూ చెప్తా. ఫాస్ట్ చార్జర్ మిషన్ ఖరీదే లక్షల్లో ఉంటుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్, కిలోవాట్ లెక్కన ఫిక్స్‌డ్ చార్జీలు, స్థలం కిరాయి. ఇంతా చేసి మన దిక్కున రోజుకు నాలుగు బండ్లు వస్తే గొప్ప. బండ్లు పెరిగితే రేటు దిగాలి, అప్పుడూ దిగకపోతే శంకర్‌తో పాటు నేనూ గరమవుతా.

ఇక నువ్వు అడిగిన కంపెనీల సంగతి. టాటా పవర్ వాళ్లవి దేశంలో చాలా చోట్ల ఉన్నాయి, కాబట్టి వాళ్ల ఆప్ ఫోన్లో ఉండాల్సిందే. స్టాటిక్, చార్జ్‌జోన్ ఎక్కువగా హైవే హోటళ్లు, సిటీ పార్కింగ్‌ల దగ్గర కనిపిస్తాయి. జియో-బీపీ వాళ్లవి వాళ్ల బంకులతో పాటు వస్తాయి, వెలుతురు, టాయిలెట్, మనుషులు ఉంటారు, రాత్రిపూట చెల్లె పిల్లలతో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. జియాన్ కోయంబత్తూరు కంపెనీ, దక్షిణాదిలో పేరుంది. ఇవి కాక ప్రభుత్వానివి, మన రెడ్కో (రాష్ట్ర పునరుత్పాదక విద్యుత్ సంస్థ) పెట్టించినవి. ఇండియన్ ఆయిల్, భారత్, హెచ్‌పీ బంకుల్లోనూ ఉన్నాయి. ఈవీల కోసం కేంద్రం పెట్టిన ఫేమ్-2 పథకం కింద 2023లో ఈ మూడు ఆయిల్ కంపెనీలకూ కలిపి 7,432 ఫాస్ట్ చార్జర్లకని 800 కోట్లు మంజూరు చేశారు. దాని తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఇంకో 2,000 కోట్లు చార్జర్లకే పెట్టారు. కాబట్టి రెండేళ్ల కిందటి మాటలు విని భయపడకు.

అయితే నెట్‌వర్క్ పేరు చూసి నమ్మకు, ఆ ఒక్క మిషన్ చరిత్ర చూడు. ఒకే కంపెనీది కరీంనగర్‌లో గడియారంలా పనిచేస్తుంది, ఇంకో ఊర్లో నెలల తరబడి చెడిపోయి ఉంటుంది. ప్లగ్‌షేర్ అని ఒక ఆప్ ఉంది. అన్ని కంపెనీల చార్జర్లూ మ్యాప్ మీద కనిపిస్తాయి, అక్కడికి పోయినవాళ్లు "పనిచేసింది", "గన్ ఇరుక్కుంది" అని తేదీతో సహా రాస్తారు (గన్ అంటే కారుకు తగిలించే ప్లగ్గు). ఈ వారంలో ఎవరో ఒకరు చార్జ్ చేసుకున్నారంటేనే దాన్ని నా లెక్కలోకి తీసుకుంటా. కంపెనీ ఆప్‌లో ఆకుపచ్చ చుక్క కనిపించిందంటే మిషన్‌కు నెట్ ఉందని మాత్రమే అనుకో.

వాలెట్ల తలనొప్పి వేరే. ప్రతి ఆప్‌లో ముందే డబ్బులు వేయాలి. ఒకసారి జనగామ దాటాక ఒక చార్జర్ దగ్గర డబ్బులు కట్ అయ్యాయి, చార్జింగ్ మొదలే కాలేదు. కస్టమర్ కేర్ అమ్మాయి "రీఫండ్ వస్తుంది సార్" అని ఎంత తియ్యగా చెప్పిందంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా మనసొప్పలేదు. రీఫండ్ వచ్చింది, వారం పట్టింది. అప్పటి నుంచి ఏ వాలెట్‌లోనూ ఒక చార్జింగ్‌కు సరిపడా కంటే ఎక్కువ వేయను.

స్పీడ్ గురించి ఒక మాట. బోర్డు మీద 60 కిలోవాట్లు అని ఉంటే నీ కారుకు 60 వస్తుందని కాదు. రెండు గన్లు ఉండి రెండో దాంట్లో ఇంకో బండి ఉంటే చాలా మిషన్లు చెరి 30 పంచుతాయి. నీ కారు తీసుకోగలిగేదానికీ హద్దు ఉంటుంది. చిన్న బ్యాటరీ టియాగో లాంటిది పాతిక కిలోవాట్ల చుట్టూనే తీసుకుంటుంది, దాన్ని 120 కిలోవాట్ల మిషన్‌కు తగిలించి యూనిట్‌కు ఎక్కువ కట్టడం దండగ. ఇంకొకటి, 80 శాతం దాటాక బ్యాటరీని కాపాడుకోవడానికి బండి తనంతట తనే నెమ్మదిస్తుంది. మిగిలిన 20 శాతం కోసం కూర్చుంటే రెండు చాయ్‌లు, ఒక ప్లేటు మిర్చి అదనం. వెనక ఇంకో బండి ఎదురుచూస్తుంటే ఆ కళ్లు కూడా భరించాలి.

నీ హైదరాబాద్ లెక్క వేసి చూశా. గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద సుమారు 225 కిలోమీటర్లు. నువ్వు చూస్తున్న 45 యూనిట్ల బ్యాటరీతో ఇంట్లో నిండుగా బయల్దేరితే పది యూనిట్లు మిగిలి చేరతావు. అక్కడ బావమరిది ఇంటి దగ్గర ఒక ఫాస్ట్ చార్జర్‌లో 30 యూనిట్లు ఎక్కిస్తే సుమారు 710. తిరిగొచ్చాక ఇంట్లో నింపుకోవడానికి 420. మొత్తం పోనురాను 1,130. పెట్రోల్‌కైతే మూడు వేలు. ఎండాకాలం మీ రామగుండంలో 45 డిగ్రీలు దాటినప్పుడు ఈ మైలేజీ కొంచెం తగ్గుతుంది, అప్పుడు సిద్దిపేటలోనో కరీంనగర్‌లోనో చాయ్ తాగినంతసేపు తగిలించు. మనసుకు టెన్షన్ ఉండదు. 30 యూనిట్ల బ్యాటరీ తీసుకుంటే మాత్రం దారిలో ఆగడం తప్పనిసరి, ప్రతిసారీ. నీ ఓపిక నాకు తెలుసు, వద్దు.

మా హన్మకొండ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లే కాబట్టి నాకు ఈ గొడవ తక్కువ. రామప్ప, లక్నవరం, మేడారం దిక్కు పోయేటప్పుడు మాత్రం ఇంట్లో వంద శాతం నింపుకునే కదులుతా. అడవి దారిలో చార్జర్ వెతుక్కునే సరదా నాకు లేదు.

ఇప్పుడు నీ ఓనర్ సంగతి. ఆయన మీటర్ నుంచి తీసుకుందామని ఆశపడకు. ఆయనకు గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు వస్తోందన్నావు కదా, నీ కారు తగిలిస్తే 200 దాటుతుంది, ఆ నెల మొత్తం బిల్లు ఆయన నెత్తిన పడుతుంది. ఏ ఓనరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. నీ పై పోర్షన్ మీటర్ నుంచే కిందికి వైర్ దించు. లోపల ఉన్న పాత లైన్‌కు జాయింట్ వేయించకు, మీటర్ నుంచి విడిగా లైను, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్. రాత్రంతా ఏకబిగిన పదిహేను ఆంప్స్ లాగుతుంది, గీజర్ లాగా పది నిమిషాల పని కాదు. మీ వీధి ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అంటే వేరేవాడిని పిలువు. మీటర్ మీద శాంక్షన్డ్ లోడ్ (నీకు మంజూరైన కిలోవాట్లు) ఎంత ఉందో పాత బిల్లులో చూడు. ఈ చిన్న చార్జర్ ఒక్కటే 3.3 కిలోవాట్లు, కాబట్టి లోడ్ పెంచమని మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు వైర్ అక్కడే వదిలేస్తానని ఓనర్‌కు ముందే చెప్పు, మెత్తబడతాడు.

నవ్వొచ్చేదేంటంటే, నువ్వు తవ్విన బొగ్గు, పక్కనే ఎన్టీపీసీలో కాల్చి తీసిన కరెంటు, రాష్ట్రాలు దాటి పోతుంది. నీ ఇంటి గోడ దిగి కారు దాకా రావడానికే ఇన్ని తిప్పలు. "బొగ్గు కరెంటుతో నడిపితే ఇంకేం పర్యావరణం" అని మీ సెక్షన్లో ఎవరైనా ఎగతాళి చేస్తే, అక్కడి రిజర్వాయర్ మీద తేలుతున్న 100 మెగావాట్ల సోలార్ చూపించు.

తొందర ఎందుకంటే ఒకటే కారణం. ఈవీలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబర్ 31 దాకా అని జీవోలో ఉంది. 14 లక్షల కారు మీద మామూలుగా రెండు లక్షలకు పైనే ట్యాక్సు పడుతుంది. పెట్రోల్ కారుతో ఉన్న ధర తేడాలో పెద్ద ముక్క దీంతోనే పోతుంది. కాబట్టి నానబెట్టకు.

నీ పాత కరెంటు బిల్లు ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపు, మీటర్ నుంచి కారు నిలిపే చోటుకు ఎన్ని మీటర్లో టేపు పెట్టి కొలిచి రాయి. వైర్ సైజు మా తమ్ముడిని అడిగి చెప్తా. ఓనర్ మొండికేస్తే ఆదివారం నేనే వస్తా. పోయినసారి ఆయన మామిడి చెట్టును ఒక గంట పొగిడా, నా మాట కాదనడు.

నీ
రాజిగాడు