రేపటి మెల్‌బోర్న్ టెస్టు: సభ్యులకు మనవి

బ్రాడీపేట అపార్ట్‌మెంట్ సభ్యులందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియా పర్యటనలో భారత జట్టు ఆడే నాలుగో టెస్టు రేపు, అంటే 2024 డిసెంబరు 26 గురువారం, మన కాలమానం ప్రకారం ఉదయం 5 గంటలకు మెల్‌బోర్న్‌లో మొదలవుతున్నందున, సెల్లార్‌లో ప్రొజెక్టర్ ఏర్పాటు చేస్తున్నాము. టాస్ 4.30కే కనుక ఆలోపే రాగలరు.

పెర్త్‌లో మనం, అడిలైడ్‌లో వారు గెలవగా, బ్రిస్బేన్ టెస్టు డ్రా కావడంతో సిరీస్ 1-1తో సమంగా ఉంది. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి జట్టులో ఉండగా నిద్ర మానుకోవడానికి నాకైతే వేరే కారణం అక్కర్లేదు. 1999లో ఇదే మైదానంలో మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ గారు వికెట్ కీపింగ్ చేయగా చూసిన పెద్దలు ఆ ముచ్చట్లు తప్పక చెప్పాలి.

టీ ఎంతమందికి పెట్టించాలో తెలియాలి కాబట్టి, వచ్చేవారు ఈ రాత్రి 9 గంటలలోపు ఫ్లాట్ నంబరు, మనుషుల సంఖ్య ఇక్కడే తెలియజేసి, రేపు ఎవరి కుర్చీ వారే తెచ్చుకోవాలి.

మరొక్క మాట: సెల్లార్‌లోని బైకులను ఈ రాత్రికే గేటు వైపు జరపండి. పై అంతస్తుల్లో పసిపిల్లలు నిద్రపోతుంటారు కనుక, వికెట్ పడినా ఈలలు మాత్రం వద్దు.