ఇంగ్లిష్ క్లాసులో గంగమ్మ కథ

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిష్ పాఠాల్లో బ్యాలడ్, అంటే కథాగేయం, వచ్చినప్పుడు దాని నిర్వచనం బట్టీ పట్టించి ముందుకు సాగిపోతున్న తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నోట్సులో ‘నాలుగు పాదాల చరణం, రెండో పాదానికీ నాలుగో పాదానికీ అంత్యప్రాస’ అన్న వాక్యం కింద ఎర్ర గీత ఉంది. గేయాన్ని క్లాసులో ఎవరైనా పైకి చదివారా అని అడిగితే లేదంది.

నోటితో పలకని బ్యాలడ్‌లో మిగిలేది తక్కువ. అమెరికన్ పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882-98 మధ్య వెలువరించిన సంపుటాల్లో ఇలాంటి గాథలు 305 ఉన్నాయి. వాటిలో ఒకటైన ‘లార్డ్ రాండల్’లో తల్లి అడుగుతుంది, కొడుకు చెబుతాడు, ఎక్కడికి వెళ్లావు, ఏం తిన్నావు, నీ వేటకుక్కలు ఏమయ్యాయి అన్న ప్రశ్నల్లోనే అతనికి విషం పెట్టిన సంగతి బయటపడుతుంది తప్ప, గాథ చెప్పేవాడు తనంతట తాను ఒక్క ముక్కా కల్పించుకోడు. బుర్రకథలో వంతలు ప్రశ్న వేసి కథ నడిపించడం విన్నవారికి ఇది వింతేమీ కాదు. చరణం మొత్తం అలాగే ఉంచి, ఒకటి రెండు మాటలు మార్చి కథను ముందుకు జరపడం ఈ గాథల్లో మరో పద్ధతి.

ఆ పద్ధతికి మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించిన కథావస్తువు నాకు కనిపించలేదు. అమ్మవారు బైరాగి, బండ, తోటి వేషాలు ఎన్ని వేసుకుని వెతికినా, ఆమెకు భయపడి దాక్కున్న పాలెగాడు, అంటే ఆ ప్రాంతాన్ని ఏలే నాయకుడు, బయటికి రాడు. దొర వేషం చూసి వస్తాడు, తల పోగొట్టుకుంటాడు. మా అమ్మాయి వేషానికొక చరణం చొప్పున ఇంగ్లిష్‌లో రాసింది. పాదానికి నాలుగు ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు, తర్వాతి పాదానికి మూడు, బల్ల మీద వేలితో కొట్టి లెక్క చూసుకుంది. పాలెగాడికి బదులు ‘చీఫ్‌టన్’ అని వేయమని నేనంటే, “ఆ మాటకు మీసాల్లేవు నాన్నా” అని పాలెగాణ్ణి అలాగే ఉంచింది. చివర్లో మాతంగి వేషంలో అమ్మవారు పాలెగాడి భార్యను ఓదార్చే ఘట్టాన్ని ప్రశ్న, జవాబుగా మలిచింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చరణమే.

బడిలో చూపిస్తే ‘ఇది పరీక్షకు రాదు’ అన్నారట. సిలబస్ ఒత్తిడి ఉపాధ్యాయులకు ఉంటుందని నాకు తెలుసు. అయినా జాతర వేసవి సెలవుల్లోనే వస్తుంది కనుక, జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆ వేషాలు పిల్లల కళ్లలో ఇంకా ఉంటాయి. అప్పుడు రెండు పీరియడ్లు కేటాయించి, ఒక రోజు పాఠంలోని గేయాన్ని ఇద్దరు పిల్లలతో ప్రశ్న, జవాబుగా చదివించి, మరో రోజు వాళ్లు చూసిన కథను వాళ్ల చేత రాయించేలా జిల్లా విద్యాశాఖ అధికారులు ఇంగ్లిష్ ఉపాధ్యాయులకు సూచించాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తండ్రి, తిరుపతి