నివాసుల సంఘం వార్షిక నివేదిక: పండుగ దీపాలు, ఇతర పనులు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రాని సభ్యులకు కూడా నమస్కారమే, వారికి ఈ నివేదిక వాట్సాప్ గ్రూపులో పంపుతాం.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగించాం. వానలకు ముందు కాలువల్లో పూడిక తీయించాం. లిఫ్టుల నిర్వహణ ఒప్పందం పొడిగించాం. సముద్రం వైపు ప్రహరీకి పెచ్చులూడిన చోట మరమ్మతు చేయించి రంగు వేయించాం. ఆ రంగు అప్పుడే పొరలు లేస్తోంది, దాని సంగతి విడిగా చర్చించాలి. పార్కింగ్ గొడవలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఇక ఈ నివేదికలో ఎక్కువ భాగం పండుగ దీపాల గురించే. పోయిన సర్వసభ్య సమావేశంలో అందరి గొంతులూ లేచింది దాని మీదే కాబట్టి లెక్క అప్పజెప్పాల్సింది కూడా దానికే.

తీర్మానం అందరికీ గుర్తుండే ఉంటుంది. దీపాలు కట్టే పని ఇకపై సభ్యుల చేత చేయించకూడదు, ఆ పనే వృత్తిగా చేసేవాళ్లకు కాంట్రాక్టు ఇవ్వాలి. "సీరియల్ సెట్లు కట్టడానికి కాంట్రాక్టరెందుకండీ, నలుగురు కుర్రాళ్లు ఒక పూట నడుం బిగిస్తే అయిపోతుంది" అని ఆ రోజు కొందరు పెద్దలు అన్నారు. నిజమే. ఆ నలుగురు కుర్రాళ్ల పేర్లు అంతకు ముందు ఏడాది నోటీసు బోర్డు మీద రాసి ఉన్నాయి. పని రోజున వచ్చింది మాత్రం మన సెక్యూరిటీ గార్డు, మన కోశాధికారి గారు. ఆయనకు మోకాళ్ల నొప్పి. నిచ్చెన పట్టుకోవడానికి కూడా మనిషి లేక ఆయన్ని మూడో అంతస్తు గోడ మీదికి ఎక్కించి దీపాలు చూసుకుని మురిసిపోయాం. ఇంతకంటే వివరంగా రాయడం బాగుండదు.

ఈసారి మూడు కొటేషన్లు తెప్పించాం. మొదటిది లెటర్‌హెడ్ మీద ఒకే ఒక్క లైను: "డెకరేషన్ పని మొత్తం", పక్కన ఒక అంకె. రెండోదానిలో ఎన్ని మీటర్ల లైట్లు, ఎన్ని బల్బులు అన్నీ ఉన్నాయి కానీ పండుగయ్యాక వాటిని ఎవరు దించుతారో లేదు. మధ్యలో ఒక వరుస ఆరిపోతే ఎవరు వస్తారో లేదు. మూడో సంస్థ కాగితం పంపే ముందు మనిషిని పంపింది. ఆ సూపర్‌వైజర్ వచ్చి ముందుగా మీటర్ బోర్డు ఎక్కడుందని అడిగాడు, మనకు మంజూరైన లోడు ఎంతో రాసుకున్నాడు, తర్వాత సముద్రం వైపు రెయిలింగ్ మీద వేలితో రాసి ఆ వేలు మాకు చూపించాడు. తెల్లటి పొడి అంటుకుని ఉంది. "ఇది దుమ్ము కాదు సార్, ఉప్పు. మన పనంతా దీంతోనే" అన్నాడు. మూడింటిలో వాళ్లదే ఎక్కువ రేటు. అయినా వాళ్లకే ఇచ్చాం. ఎందుకిచ్చారని ఇప్పటికీ అడుగుతున్నవారి కోసం కారణాలు రాస్తున్నాను.

పని మొదలైన రోజు 3వ బ్లాకు నుంచి ఒక అమ్మగారు కిందికి వచ్చి, "బాబూ, పోయినేడు సెట్లు పెట్టె నిండా ఉన్నాయి కదా, అవే కట్టేయండి, కొత్తవెందుకు?" అన్నారు. సూపర్‌వైజర్ ఏమీ అనలేదు. పెట్టెలోంచి ఒక సెట్టు తీసి ప్లగ్గు స్క్రూ విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. లోపల రాగి తీగ పచ్చగా పొడి పొడిగా అయిపోయింది. పిన్ను వేలితో కదిపితే ఊడి వచ్చింది. "చూడండమ్మా, ఇది ఒక్క సీజనే వాడారు" అన్నాడు. ఆవిడ మరి మాట్లాడలేదు. ఆ తర్వాత మిగతావాళ్లకు నచ్చజెప్పింది కూడా ఆవిడే, అందుకు వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. సముద్రపు ఉప్పులో మనం కూరలో వేసుకునే ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. గాలిలో తేమ మూడో వంతు ఉన్నా చాలు, అది నీటిని లాక్కుని తడిగా మారుతుంది. అంటే వాన పడకపోయినా ఒడ్డున ఉన్న ప్లగ్గు, హోల్డరు, జాయింటు ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటాయి. ఆ తడి మామూలు నీళ్లు కాదు, కరెంటును బాగా పారనిచ్చే ఉప్పు నీళ్లు. మన మెయిన్‌లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతోందని ఎలక్ట్రీషియన్‌ని తిట్టుకున్నాం గుర్తుందా? 30 మిల్లీ ఆంపియర్లు లీకయితే పడిపోవడమే దాని పని. ఎక్కడో ఒక జాయింటు లీకవుతుంటే అది తన పని తాను చేసింది. దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేయమని సలహా ఇచ్చిన సభ్యుల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

కొనేటప్పుడు అందరూ చూసే ఐపీ అంకె, అంటే దుమ్మును, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె గురించి కూడా ఒక మాట. ఐపీ 44 అంటే నీటి చిందులకు తట్టుకుంటుంది. ఐపీ 65 అంటే దుమ్ము లోపలికి పోదు, పైపుతో నీళ్లు కొట్టినా పర్వాలేదు. ఐపీ 67 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. అయితే ఆ అంకె ఉప్పుకు తుప్పు పడుతుందో లేదో చెప్పదు, ఆ పరీక్ష వేరు. అందుకే కాంట్రాక్టులో లైట్లకు ఐపీ 65 అని రాయించడంతో పాటు క్లాంపులు, స్క్రూలు అన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే ఉండాలని విడిగా రాయించాం. మామూలుగా దొరికే 304 రకంలో లేని మాలిబ్డినం అనే లోహం ఈ 316లో 2 నుంచి 3 శాతం ఉంటుంది, ఉప్పు గాలికి ఆగేది దాని వల్లే. కట్టడానికి తెల్ల కేబుల్ టైలు వాడొద్దన్నాం. ఎండకు అవి పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. ఆరుబయట వాడకానికి చేసిన నల్లవి నిలుస్తాయి.

వాళ్లు పని చేసే తీరు చూడాల్సిందే. ప్రతి ప్లగ్గుకు ముందు వైరును కిందికి ఒక వంపు వంచి కట్టారు. వైరు వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే బొట్టుగా రాలిపోతుంది, ప్లగ్గులోకి పోదు. నిచ్చెన వేసేటప్పుడు నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు ఎడం కొలిచి వేశారు, కింద ఒక మనిషి కదలకుండా నిలబడ్డాడు. చెట్లకు మేకులు కొట్టలేదు. కరెంటు తీగల దగ్గర అల్యూమినియం నిచ్చెన బయటికే తీయలేదు. పనివాళ్లందరికీ బీమా ఉన్నట్టు కాగితాలు ముందే తీసుకుని ఫైల్లో పెట్టాం. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆ కాగితం విలువ ఎవరికీ కనబడదు. అయితే జరగరానిది ఏదైనా జరిగితే సంఘం తరఫున సంతకం పెట్టినవాడిగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సింది నేనే.

సముద్రం వైపు ప్రహరీ మీద దీపాలు ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. అది కార్యవర్గం కావాలని తీసుకున్న నిర్ణయం. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో వాటి పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చి వెలుతురు ఎక్కువ ఉన్న వైపు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రానిది. మనం దీపాలు పెడితే అది మన గేటుది. తెలుపు, నీలం వెలుతురు ఎక్కువ తికమక పెడుతుందని, తరంగదైర్ఘ్యం 560 నానోమీటర్లు దాటిన కాషాయం, ఎరుపు రంగులు కొంత మేలని ఈ విషయం తెలిసినవాళ్లు చెబుతారు. మేము రంగుల జోలికి పోకుండా అటువైపు మొత్తం చీకటిగానే వదిలేశాం. బాల్కనీల్లో సొంతంగా దీపాలు పెట్టుకున్నవారు కూడా రాత్రి పదికి ఆపేయమన్నాం. కొందరు ఆపారు.

వీధి స్తంభాలకు దీపాలు కట్టడానికి అనుమతి కావాలని సంబంధిత కార్యాలయంలో చాలా ముందుగానే అర్జీ పెట్టాం. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు వెళ్లింది. ఒక సారు సెలవులో ఉన్నారు, ఇంకో సారు సైట్ చూడాలన్నారు, సైట్ చూసే సారుకు బండి లేదు. మన ఆటోలో తీసుకొస్తామన్నా ఒప్పుకోలేదు. అనుమతి పత్రం దీపాలు దించేశాక వచ్చింది. ముచ్చటైన పత్రం, ముద్రలన్నీ ఉన్నాయి.

ఇక దీపాలు వెలిగించిన సాయంత్రం. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోగలిగింది ఇదొక్కటే, అందుకే కాస్త విస్తరంగా రాస్తున్నాను. ముఖ్య అతిథిగా వస్తానని మాటిచ్చిన అధికారి గారు అరగంటలో ఉంటానని ఫోన్లో చెబుతూనే ఉన్నారు. ఆ ఎదురుచూపులో 2వ బ్లాకు మాస్టారు పిల్లలందరినీ కూర్చోబెట్టి క్విజ్ పెట్టారు. విద్యుత్ దీపాలతో మొదటిసారి క్రిస్మస్ చెట్టును అలంకరించింది ఎప్పుడని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో 80 చిన్న బల్బులు వెలిగించారని ఆయనే చెప్పారు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉన్న ఆ బల్బులతో పాటు చెట్టు కూడా గుండ్రంగా తిరిగేదట. "మనదెందుకు తిరగదు?" అని ఒక పిల్లాడు అడిగాడు. సూపర్‌వైజర్ వచ్చే ఏడాదికి చూద్దామన్నాడు. కాంట్రాక్టులో అది లేదని ఇక్కడే స్పష్టం చేస్తున్నాను.

అతిథి రాలేదు. స్విచ్ ఎవరు నొక్కాలన్న దాని మీద కార్యవర్గంలో జరిగిన చర్చ అంతా వృథా అయింది. అప్పుడు అధ్యక్షులు గారు మన పంపు ఆపరేటర్‌ని పిలిచి, "నువ్వు నొక్కవయ్యా, రోజూ మోటారు వేసేది నువ్వే కదా" అన్నారు. అతను చొక్కాకు చెయ్యి తుడుచుకుని నొక్కాడు. గేటు నుంచి చివరి బ్లాకు దాకా ఒక్కసారిగా వెలిగింది. పిల్లల కేకలకు పక్క వీధి వాళ్లు బయటికొచ్చారు. కాసేపటికి సముద్రం మీద నుంచి గాలి లేచింది, పందిరి గుడ్డ కొట్టుకుంది, 4వ బ్లాకు వరుస ఆరిపోయింది. పాత రోజుల్లో అయితే కాలనీ మొత్తం చీకటయ్యేది. ఈసారి ఒక్కో బ్లాకుకు వేరే లైను, వేరే ట్రిప్ స్విచ్ పెట్టారు కాబట్టి మిగతావి వెలుగుతూనే ఉన్నాయి. వాళ్ల కుర్రాడు టెన్షన్ పడకుండా టార్చి పట్టుకుని వెళ్లి, గాలికి లాగుకున్న ఒక జాయింటు మార్చి వచ్చాడు. 4వ బ్లాకు వారు కూడా వచ్చి చప్పట్లు కొట్టారు, ఇది చరిత్రలో మొదటిసారి.

దించే పని కాంట్రాక్టులోనే ఉంది కాబట్టి చెప్పిన రోజున వచ్చి దించారు. ప్రతి వరుసనూ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఏ గోడదో చీటీ అంటించి పెట్టెల్లో సర్దారు. ఉప్పు అంటుకుని ఉండగానే పెట్టెలో పెడితే ఏడాది పొడుగునా లోపల తుప్పు పడుతూనే ఉంటుంది. లెక్క చూసుకోవడానికి ఇద్దరు సభ్యులు కావాలని గ్రూపులో అడిగితే బొటనవేలు బొమ్మలు చాలానే వచ్చాయి. మనుషులు రాలేదు. పెట్టెలు లెక్కపెట్టింది నేను, మన సెక్యూరిటీ గార్డు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం, కోశాధికారి గారు చదువుతారు. దీపాల ఖర్చు పోయినేటి కంటే ఎక్కువే. అయితే ఆ లైట్లు ఇప్పుడు మనవి, వచ్చే ఏడాది కట్టడానికి, దించడానికి మాత్రమే కడతాం. కరెంటు బిల్లు తగ్గింది. పాత పెద్ద సైజు ఫిలమెంట్ బల్బు ఒక్కోటి 5 నుంచి 7 వాట్లు తినేది, ఈ ఎల్ఈడీ ఒక వాటు కూడా తినదు. చందా బాకీ ఉన్నవారి జాబితా కూడా పట్టిక వెనకే ఉంది, దయచేసి చూసుకోండి.

అధ్యక్షులకు, కోశాధికారి గారికి, ఆయన మోకాళ్లకు, క్విజ్ నడిపిన మాస్టారికి, కుర్చీలు మోసిన 1వ బ్లాకు పిల్లలకు, పంపు ఆపరేటర్‌కు, సెక్యూరిటీ సిబ్బందికి, ఊడ్చిన అమ్మలకు పేరు పేరునా ధన్యవాదాలు. కాంట్రాక్టు సంస్థ కుర్రాళ్లకు ప్రత్యేకంగా. నోటీసు బోర్డు మీద పేరు రాయించుకుని రానివారికి వచ్చే ఏడాది రాయించుకోవద్దని మనవి.

సభ ముందు పెడుతున్న తీర్మానం ఒక్కటే: ఇదే సంస్థతో ఒప్పందం పండుగకు మూడు నెలల ముందే కుదుర్చుకోవడానికి కార్యవర్గానికి అధికారం ఇవ్వాలి. ఆలస్యమైతే మంచి పనివాళ్లు వేరే చోట ఒప్పుకునేస్తారు. మరొక్క విషయం, లిఫ్టు గదిలో పాత సీరియల్ సెట్ల పెట్టెలు అలాగే పడున్నాయి. అవి ఎవరివో వారు ఈ నెలాఖరు లోపు తీసుకెళ్లాలి, లేకపోతే పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి