అప్పలరాజుకి, ఊపిరి గురించి

గాజువాక, విశాఖపట్నం
ఆదివారం

ఒరేయ్ అప్పలరాజూ,

ఆఫీసులో కంగారు పుట్టినప్పుడు ఊపిరితో ఎలా నిలదొక్కుకోవాలని మొన్న ఫోన్‌లో అడిగావు, దానికి రెండు ముక్కల్లో చెబితే సరిపోదురా, అందుకే కూర్చుని రాస్తున్నాను. నీది నైట్ షిఫ్టు, పగలంతా పడుకుంటావు. లేచి టీ తాగుతూ చదువుకో.

సర్వర్ పడిపోగానే బ్రిడ్జి కాల్‌లో, అంటే అందరూ కలిసే ఫోన్ కాల్‌లో, పదిహేనుమంది చేరి "ఎంతసేపట్లో లేస్తుంది?" అని అడుగుతుంటే, సర్వర్ రాసుకునే చిట్టా, అదే లాగ్, కళ్లముందే ఉన్నా అందులో ఏం రాసుందో బుర్రకెక్కదన్నావు కదా. అప్పుడు పక్క సీటువాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చుకోరా" అంటారు. ఆ సలహా సగమే పనికొస్తుంది. నీకు కావలసింది వదలడం. పీల్చేదానికన్నా ఎక్కువసేపు, తొందరపడకుండా వదలడం.

ముంజేతి నాడి మీద రెండు వేళ్లు పెట్టి చూడు. పీలుస్తున్నంతసేపు నాడి కాస్త జోరుగా కొట్టుకుంటుంది, వదులుతుంటే నిదానిస్తుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం, ఊపిరి వదిలేటప్పుడు గుండెకు బ్రేకు వేస్తుంది. వదలడం సాగితే బ్రేకు కూడా అంతసేపు పడి ఉంటుంది. ఊరికే కూర్చున్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అది ఆరు దగ్గరికి దిగితే గుండె లయ, రక్తపోటును సర్దే ఏర్పాటు, ఊపిరి మూడూ కలిసి నడుస్తాయి. 2001లో ఇటలీ పరిశోధకులు కొందరిచేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, "ఓం మణి పద్మే హుం" మంత్రం చదివించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరే ఆగింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు జపం చేసి లేచాక మాట ఎందుకంత నెమ్మదిగా వస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చు, ఆరు లెక్కపెడుతూ ముక్కుతోనే వదులు. మొత్తం పది సెకన్లు. మధ్యలో బిగపట్టక్కర్లేదు. ఎన్నయ్యాయో గుర్తుపెట్టుకోవడానికి ఎడమచేతి బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద నడిపించు. ఊపిరికి ఒక కణుపు. వేలికి మూడు చొప్పున పన్నెండు కణుపులు, అంటే ఒక చుట్టు తిరిగేసరికి సరిగ్గా రెండు నిమిషాలు. చెయ్యి టేబుల్ కింద ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. కుడిచేయి మౌస్ మీదే ఉండొచ్చు.

అందరూ పొరపాటుపడేది లెక్క దగ్గరే. కంగారులో ఉన్నప్పుడు లెక్క కూడా పరుగెడుతుంది. "ఒకటి రెండు మూడు నాలుగు" రెండు సెకన్లలో అయిపోతుంది, నువ్వు మాత్రం నిదానంగా చేశాననే అనుకుంటావు. అందుకే మనసులో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నరెండు" అనుకో, ఒక్కోదానికి దాదాపు సెకను పడుతుంది. ఇంట్లో మొదటి వారం ఫోన్‌లో మెట్రోనోమ్‌ను, అంటే టిక్ టిక్‌మని తాళం కొట్టే యాప్‌ను, నిమిషానికి 60 మీద పెట్టుకుని చెయ్యి, ఆ నడక చెవికి పడుతుంది. ఆర్కే బీచ్‌లో కూర్చుని అలలతో పాటు ఊపిరి తియ్యమనేవాళ్లున్నారు. వినడానికి బావుంటుంది గానీ లెక్కకు పనికిరాదు. ఒక అల తొందరగా వస్తుంది, ఇంకోటి ఆలస్యంగా వస్తుంది. అక్కడికి గాలి కోసం వెళ్లు.

రెండో తప్పు ఇంకా పెద్దది. "ప్రాణాయామం చేస్తే తల తిరుగుతోంది" అని మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నెమ్మదిగా తియ్యమంటే వాళ్లు ఛాతీ పగిలేంత పెద్ద ఊపిరి తీస్తారు. అలా గాలి ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానివల్ల మెదడుకు వెళ్లే రక్తనాళాలు బిగుస్తాయి. తల తేలిపోతుంది, పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి పడుతుంది. కంగారులో ఉన్నవాడు దాన్ని చూసి ఇంకా బెదిరిపోయి ఇంకా పెద్దగా పీలుస్తాడు. కాబట్టి వేగంతో పాటు పరిమాణం కూడా తక్కువగానే ఉండాలి. మామూలుగా ఒక ఊపిరికి అర లీటరు గాలి లోపలికెళ్తుంది. దానికన్నా కొంచెం ఎక్కువైతే చాలు. పీల్చే చప్పుడు నీకే వినపడుతుంటే ఎక్కువ తీస్తున్నావని అర్థం. తిమ్మిరి మొదలైతే లెక్క వదిలేసి, చిన్న చిన్న ఊపిర్లతో ఒక నిమిషం ఊరికే కూర్చో, సర్దుకుంటుంది.

కదలాల్సింది పొట్ట. బొడ్డు మీద ఒక చెయ్యి, ఛాతీ మీద ఒక చెయ్యి పెట్టుకో. పీల్చినప్పుడు కింది చెయ్యి ముందుకు రావాలి, పైది దాదాపు కదలకూడదు. భుజాలు చెవుల వైపు లేస్తుంటే గాలి పైపైన తిరుగుతున్నట్టే. కుర్చీలో జారగిలబడి ల్యాప్‌టాప్ మీదకి వంగితే పొట్ట మడతపడి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కండరం కిందికి దిగలేదు. బెల్టు ఒక కన్నం వదులు చెయ్యి. పన్నెండింటికి క్యాంటీన్‌లో బిర్యానీ దట్టించి వచ్చి వెంటనే మొదలుపెడితే కూడా అంతే, నిండిన పొట్ట పైకి నెడుతుంటుంది. గంటన్నర ఆగు.

ఇక సర్వర్ నిజంగా పడిపోయినప్పుడు రెండు నిమిషాల చుట్టు తిప్పే తీరిక ఉండదు. అప్పటికి ఇంకోటి ఉంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్లల్ని చూడు, వెక్కుతూ రెండుసార్లు లోపలికి పీల్చి, ఒక్క పొడుగాటి నిట్టూర్పుతో వదులుతారు. అదే కావాలని చెయ్యి. ముక్కుతో దాదాపు నిండా పీల్చు, దానిమీదే ఇంకో చిన్న గుటకంత గాలి తీసుకో, తర్వాత నోటితో, ఈల వేసేటప్పుడులా పెదాలు ముడిచి, పూర్తిగా అయ్యేదాకా వదులు. రెండో పీల్పు ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయిన చిన్న గాలితిత్తుల్ని విప్పుతుంది. రెండు లేదా మూడుసార్లు చాలు, అర నిమిషం పడుతుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు 2023లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు ఐదు నిమిషాలు చొప్పున ఒక నెల చేయిస్తే, ధ్యానం చేసినవాళ్లకన్నా ఈ నిట్టూర్పు చేసినవాళ్లలో మనసు తేటపడడం ఎక్కువగా కనిపించింది. కాల్‌లో ఉంటే మాత్రం మ్యూట్ చూసుకుని చెయ్యి, ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుంది.

వరస ఇలా పెట్టుకో. అలర్ట్ మోగగానే రెండు నిట్టూర్పులు. తర్వాత కణుపుల మీద ఆరు ఊపిర్లు, ఒక నిమిషం. ఆ నిమిషంలో చేతులు పని చెయ్యొచ్చు, లాగ్ తెరవొచ్చు, నోరు మాత్రం తెరవకు. అప్పుడు మొదటి మాట చెప్పు: ఏం తెలుసు, ఏం చూస్తున్నావు, మళ్లీ ఎప్పుడు చెబుతావు. మాట్లాడడమంటే ఊపిరి వదలడమే కదరా, వాక్యం అయ్యాక నోరు మూసి ముక్కుతో పీల్చుకున్నాకే రెండో వాక్యం ఎత్తుకో. గుక్కతిప్పుకోకుండా మాట్లాడేవాడి గొంతులోని కంగారు అవతలివాళ్లకూ అంటుకుంటుంది.

నాలుగు పీల్చి, నాలుగు బిగపట్టి, నాలుగు వదిలి, నాలుగు ఖాళీగా ఉండే పద్ధతి ఒకటి బాగా చలామణీలో ఉంది. చెడ్డదని అనను. కానీ వదిలేశాక ఖాళీగా ఉండడం కొత్తవాళ్లకి ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. చెయ్యాలనుకుంటే మూడేసితో మొదలుపెట్టి కాల్‌కు ముందు చేసుకో, మధ్యలో వద్దు. బీచ్ రోడ్డు మీద బండి నడుపుతూ బిగపట్టే అభ్యాసాలు ఏవీ చెయ్యకు. కపాలభాతి ఆఫీసులో అసలే వద్దు, అది నిన్ను ఇంకా ఎగదోస్తుంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికే పోకూడదు.

తెల్లవారుజామున మూడింటికి ఇంకో చిక్కు వస్తుంది. వదలడం మరీ సాగిస్తే నిద్ర తూగుతుంది. అప్పుడు ఐదు పీల్చి ఐదు వదులు, కళ్లు తెరిచి, వీలైతే నిలబడి చెయ్యి. ఒత్తిడి మొత్తం పోవాలని కూడా చూడకు. కొంత ఉంటేనే పని చురుగ్గా సాగుతుందని, మితిమీరితేనే చెడుతుందని 1908లోనే యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద ప్రయోగాలతో చూపించారు. చెయ్యి వణక్కుండా, చదివింది బుర్రకెక్కితే చాలు.

ఇదంతా ఆ రాత్రికి అందాలంటే ముందునుంచే అలవాటై ఉండాలి. రెండు వారాలు, లేవగానే ఐదు నిమిషాలు, ఆఫీసుకి బయల్దేరే ముందు ఐదు నిమిషాలు. దానికితోడు ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీపీఎన్‌కి ఓటీపీ వచ్చేదాకా మూడు ఊపిర్లు. మెయిల్ తెరిచేటప్పుడు చాలామంది తెలియకుండానే ఊపిరి బిగపడతారు, 2008లో లిండా స్టోన్ అనే ఆవిడ దానికి ఒక పేరు కూడా పెట్టింది. నువ్వు కూడా బిగపడుతున్నావేమో గమనించు. ఏసీ గదిలో నుంచి ఉక్కలోకి, ఉక్కలోంచి ఏసీలోకి తిరిగి ముక్కు మూసుకుపోతే, ముక్కుతో ఎంత వస్తే అంత పీల్చి, ముడిచిన పెదాలతో వదులు.

ఊపిరి మీద ధ్యాస పెట్టగానే గాభరా ఇంకా పెరిగే మనుషులు కొందరుంటారు. నీకూ అలా అయితే లెక్క ఆపేసి పాదాలు నేలకు గట్టిగా ఆనించు, గదిలో ఐదు వస్తువుల పేర్లు చెప్పుకో. ఛాతీ బరువెక్కి నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి ఆయాసం వచ్చినా మాత్రం కణుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు. 108కి ఫోన్ చెయ్యి, పక్కవాణ్ణి పిలువు. ఈ ఒక్కటీ మరిచిపోకురా.

మొదలుపెట్టే ముందు నీ ఊపిరి ఎంతుందో తెలియాలి. నువ్వే లెక్కపెట్టుకుంటే అది మారిపోతుంది, అందుకని నువ్వు టీవీ చూస్తుండగా చెల్లెమ్మను నీకు చెప్పకుండా ఒక నిమిషం లెక్కపెట్టమను. మళ్లీ రెండు వారాలకి ఒకసారి. ఆ రెండు అంకెలూ, ఏ లెక్క దగ్గర ఇరుక్కుంటున్నావో రాసి పంపు. నాలుగు-ఆరు నీకు పొడుగనిపిస్తే మూడు-నాలుగున్నరతో మొదలుపెట్టేలా మార్చి చెబుతాను.

పిల్లలకు ముద్దులు.

నీ
సూరిబాబు