మన కాలనీ సంఘం 2025 వార్షిక నివేదిక: బియ్యం వచ్చాయి, ఇక పప్పు సంగతి

సభ్యులందరికీ నమస్కారం. ప్రతి ఏడాది నివేదికలో డ్రైనేజీ, వీధిలైట్లు, బోరు మోటారు, వినాయక చవితి లెక్కలు ముందు వస్తాయి, ఈసారి అవి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే 2025లో మన సంఘం ఎక్కువ టైమ్ పెట్టింది మన ఇళ్ళల్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోంది అన్న దాని మీదే. పోయిన జనరల్ బాడీలో ఈ మాట లేపింది ఆడవాళ్ళు. అద్దె కట్టి, స్కూల్ ఫీజు కట్టి, చిట్టీ కట్టాక మిగిలేదాంతో నెల సరుకులు ఎలా తేవాలి, తెచ్చినా పిల్లలకి బలం వచ్చే తిండి ఎలా పెట్టాలి అని అడిగారు. ఆటో నడిపేవాళ్ళు, వాచ్‌మన్లు, టైలరింగ్ చేసేవాళ్ళు, ప్రైవేట్ స్కూల్ టీచర్లు, డెలివరీ కుర్రాళ్ళు ఉండే కాలనీ మనది, ఈ ప్రశ్న ఏ ఒక్క ఇంటిదో కాదు కాబట్టి సంఘం పనిగానే పెట్టుకున్నాం.

ముందు బియ్యం గురించి. 2025 ఉగాది నాడు తెలంగాణ ప్రభుత్వ సన్న బియ్యం పథకం మొదలై ఏప్రిల్ నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల చొప్పున సన్న బియ్యం ఫ్రీగా ఇస్తున్నారు, ఇది మన ఇళ్ళల్లో నిజంగా పెద్ద మార్పు. అంతకుముందు దొడ్డు బియ్యం తీసుకుని ఇడ్లీకో దోశకో వాడుకుని, ఇంకా చాలామంది ఎవరికో అమ్మేసి, మళ్ళీ షాపులో కిలో యాభై పైన పెట్టి సన్న బియ్యం కొనేవాళ్ళు. ఇప్పుడు నలుగురున్న ఇంటికి నెలకి 24 కిలోలు ఇంటికొస్తున్నాయి, అవే వండుకుని తింటున్నారు. కార్డులో పేర్లు ఎక్కని పిల్లలు, పెళ్ళయ్యి వచ్చిన కోడళ్ళు మన కాలనీలో చాలామందే ఉన్నారు, కొత్త ఆహార భద్రత కార్డులు ఇస్తున్నారని తెలియగానే మన కుర్రాళ్ళు ఇద్దరు హాల్లో కూర్చుని అప్లికేషన్లు నింపి మీసేవకి తీసుకెళ్ళారు, వాళ్ళకి సంఘం తరఫున థాంక్స్. ఇంకా రాని వాళ్ళవి ఫాలో చేస్తున్నాం, రసీదు పారేసుకోకండి.

జూన్‌లో ఒకేసారి మూడు నెలల బియ్యం ఇచ్చినప్పుడు ఇంకో సమస్య వచ్చింది. నలుగురికి 72 కిలోలు, ఉండేది సింగిల్ రూమ్, పైగా వానాకాలం. చెమ్మ తగిలితే పురుగు పట్టడం ఖాయం కాబట్టి హాల్ వెనక గది ఖాళీ చేయించి ఇటుకల మీద చెక్కలు వేసి పేర్లు రాసిన మూటలు అక్కడ పెట్టుకోనిచ్చాం, మూటల్లో ఎండు వేపాకు వేసుకోమని, డ్రమ్ములో పోసేవాళ్ళు అడుగున ఎండుమిరపకాయలు వేసుకోమని పెద్దవాళ్ళు చెప్పారు. గది తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద కొంచెం మాటా మాటా వచ్చింది కానీ సర్దుకుంది.

ఇక అసలు విషయం. బియ్యం ఖర్చు తగ్గింది కదా, ఆ మిగిలిన డబ్బు ఎటు పోతోంది? కొంచెం ఆరా తీస్తే చాలా ఇళ్ళల్లో అన్నం పెరిగింది, చారు పలచబడింది, పప్పు మాత్రం అంతే ఉంది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చూసి లెక్క వేసుకున్నాం. పెద్ద మనిషికి రోజుకి సుమారు 2000 కేలరీల తిండికి ధాన్యాలు 250 గ్రాములు చాలు, పప్పుదినుసులు గానీ గుడ్డు మాంసం గానీ కలిపి 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములే అన్నారు. దీన్ని నలుగురికి నెలకి లెక్కేస్తే బియ్యం 30 కిలోలు, అందులో 24 రేషన్లోనే వస్తున్నాయి. గుడ్డు మాంసం లేని ఇంటికి పప్పు మాత్రం 10 కిలోలు కావాలి. మనలో ఎక్కువమంది తెచ్చేది రెండు కిలోల కందిపప్పు, కొందరు కిలోన్నర. ఈ తేడా బోర్డు మీద రాసి చూపిస్తే హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు పెద్దలు కలిసిన ఇల్లు కాబట్టి ఈ లెక్క అచ్చంగా అందరికీ సరిపోదు, కానీ మన తిండిలో ఎక్కడ లోటుందో మాత్రం దీంతో తెలిసింది.

పది కిలోలూ కందిపప్పే కొనాలంటే కిలో 110, 120 చొప్పున వెయ్యి దాటిపోతుంది, మనవల్ల కాదు. అందుకే కమిటీ చెప్పింది ఒకటే, కందిపప్పు ఒక్కదాన్నే పప్పు అనుకోకండి. సెనగలు, పెసలు, బొబ్బర్లు, ఉలవలు, మీల్ మేకర్ అన్నీ అదే లెక్కలోకి వస్తాయి. మీల్ మేకర్‌లో వంద గ్రాములకి 50 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటుంది, దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి ఉల్లి టమాటాతో వండితే పిల్లలు కైమా లాగా తింటున్నారు. ఉలవలు పల్లెల్లో ఎద్దులకి పెట్టేవని చాలామంది కొనరు, ప్రొటీన్ కందిపప్పుతో సమానం, కాల్షియం ఎక్కువ, రేటు తక్కువ. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించి ఆ నీళ్ళు చారుకి, గింజలు తాలింపుకి వాడితే ఒక గ్లాసుతో రెండు పూటలు వెళ్తాయి.

జూలై నుంచి ఉమ్మడి కొనుగోలు మొదలుపెట్టాం, ఈ ఏడాది మనం చేసిన పనుల్లో బాగా కుదిరింది ఇదే అని నా అభిప్రాయం. జీతాలు పడ్డాక ఐదో తారీఖులోపు ఎవరికి ఏం కావాలో రాయించుకుని డబ్బు ముందే తీసుకుని ఇద్దరు ముగ్గురు మన ఆటో అన్నతో కలిసి బేగంబజార్ వెళ్ళి బస్తాల లెక్కన కందిపప్పు, సెనగలు, పెసలు, పల్లీలు, ఎండుమిర్చి, చింతపండు తెస్తున్నారు. ఆటో ఖర్చు పోనూ కిలోకి పది పదిహేను రూపాయలు మిగులుతోంది, సంఘం దీని మీద రూపాయి కూడా పెట్టుకోదు. ఆదివారం పొద్దున హాల్లో టార్పాలిన్ పరిచి బస్తా కుమ్మరించగానే శ్రీకాకుళం అక్క గుప్పెడు కందిపప్పు అరచేతిలోకి తీసుకుని వేలితో అటూ ఇటూ జరిపి చూస్తుంది, గుండ్రంగా ఉండాల్సిన బద్ద ఎక్కడైనా ఏటవాలుగా చెక్కినట్టు కనిపిస్తే అది కందిపప్పులో కల్తీ కలిపే లంకపప్పేమో అని పక్కకి తీస్తుంది, తర్వాత ఒక బద్ద కొరికి చూస్తుంది, టక్కున విరగకుండా మెత్తగా నలిగితే చెమ్మ ఉన్నట్టు. మరీ మెరిసేది వద్దంటుంది, నూనె పట్టించి పాలిష్ చేసింది అయ్యుంటుందని. ఒక నెల ఇలా చూసే ఒక బస్తా తిరిగి ఇచ్చేశాం, షాపాయన మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. ఆమె సరే అన్నాకే తూకం మొదలవుతుంది, ఇప్పుడు కాలనీలో అదొక రూల్ అయిపోయింది.

కిరాణా షాపులో ఖాతా గురించి కూడా ఒక మాట. మన వీధి కిరాణా వాళ్ళు కష్టకాలంలో అప్పు ఇచ్చి ఆదుకున్నారు, వాళ్ళకి వ్యతిరేకంగా ఈ ఉమ్మడి కొనుగోలు పెట్టలేదు, పాలు, కొత్తిమీర, అర్జెంట్ సామాను అక్కడే కొందాం. కానీ రోజూ పావుకిలో పావుకిలో చొప్పున ఖాతాలో రాయించుకుంటే నెలాఖరుకి ఎంతయ్యిందో ఎవరికీ తెలియట్లేదు. దాంట్లో పదిరూపాయల చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్లు కూడా కలిసిపోతున్నాయి. రోజుకొక ప్యాకెట్ ఒక్క పిల్లాడికి కొన్నా నెలకి 300, అదే డబ్బుతో రెండున్నర కిలోల పప్పు వస్తుంది. పిల్లల్ని తిట్టి మాన్పించడం జరిగే పని కాదు, సాయంత్రం స్కూల్ నుంచి రాగానే చేతిలో పెట్టడానికి ఉడికించిన సెనగలో, బెల్లం పల్లీ పట్టీయో, అటుకుల పోపో రెడీగా ఉంటే ప్యాకెట్ అడగడం దానంతటదే తగ్గిందని తల్లులు చెప్తున్నారు.

కూరగాయల విషయానికొస్తే ఎర్రగడ్డ రైతుబజార్ మనకి దగ్గర కావడం అదృష్టం. 1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి ఉన్న పద్ధతే, బోర్డు మీద రేటు రాసి ఉంటుంది, బేరం అక్కర్లేదు. పొద్దున్నే ఆకుకూర తాజాగా ఉంటుంది, సాయంత్రం మూసే ముందు టమాటా వంకాయ తగ్గించి ఇస్తారు, పచ్చడికి పులుసుకి అవి బానే పనికొస్తాయి. వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని పది ఇళ్ళకి తేవడం ట్రై చేశాం, రెండు నెలలు నడిచి ఆగిపోయింది, కూరగాయలు ఎవరికి నచ్చినవి వాళ్ళు ఏరుకోవాలనుకుంటారు, అందులో తప్పేం లేదు.

నెలకొక ఆదివారం హాల్లో వంట పెట్టాం, ఎవరి ఊరి వంట వాళ్ళు చూపించారు. మహబూబ్‌నగర్ పెద్దమ్మ గంగవాయిలి కూర పప్పు చేసింది, ఒక గ్లాసు పప్పుకి మూడు కట్టల కూర వేస్తే ఆరుగురికి వచ్చింది. కాకినాడ వదిన ఎండు నెత్తళ్ళు వంకాయతో ఇగురు పెట్టింది, వంద గ్రాముల నెత్తళ్ళతో ఇల్లంతా తిన్నారు, ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా. బీరకాయ తొక్కు పచ్చడి మనకి ఎప్పటినుంచో ఉన్నదే, దాంతోపాటు సొరకాయ తొక్క, కాలీఫ్లవర్ కాడలు, ముల్లంగి ఆకులు కూడా పారేయకుండా వండారు, ముల్లంగి ఆకు పెసరపప్పుతో చాలా బాగుంది. వాటర్ ట్యాంక్ పక్కన మునగచెట్టు ఆకు ఎవరైనా కోసుకోవచ్చు, కొమ్మలు మాత్రం విరవకండి. ఏప్రిల్‌లో సిలిండర్ మీద యాభై పెరిగాక గ్యాస్ కూడా ఆలోచించాల్సి వచ్చింది, పప్పు అరగంట, గింజలు రాత్రంతా నానబెడితే విజిల్స్ సగానికి తగ్గుతాయి.

చిరుధాన్యాల మీద ఒక సభ్యుడు చాలా పట్టుబట్టారు, కొర్రలు సామలు అందరూ తినాలని. ఆరోగ్యానికి మంచివే, కాదనట్లేదు, కానీ కిలో వంద పైన పెట్టి కొర్రలు కొనే బదులు ఆ డబ్బుతో గుడ్లు కొనమనే నేను చెప్తాను. రాగులు వేరే, రేటు తక్కువ, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, పాలు కొనలేని ఇంటికి రాగిజావలో మజ్జిగ కలిపి తాగడం మించింది లేదు.

ఇప్పుడు చెప్పేది కొంచెం నొప్పిగా ఉంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది ఎక్కడో జరిగేది కాదు. వంట ఆదివారాల్లో మేము గమనించింది, ఇంట్లో గుడ్లు తెస్తే ముందు మగపిల్లాడికి, తర్వాత భర్తకి, అమ్మాయికి సగం, వండిన మనిషికి గిన్నెలో మిగిలిన పులుసు. సరుకులు ఎంత తెచ్చినా వడ్డించేటప్పుడు ఇలా అయితే ఇల్లు బాగా తిన్నట్టు కాదు. అందుకని కమిటీ తీర్మానం చేసింది, మగవాళ్ళు కూడా చేతులెత్తారు, గుడ్లు ఇంట్లో తలకొకటి లెక్కనే ఉడకాలి, తక్కువ ఉంటే ఆ రోజు ఎవరికీ ఉడకబెట్టకుండా పులుసు చేసి అందరికీ సమానంగా వేయాలి. అలాగే అన్నం తినగానే టీ తాగే అలవాటు మానండి, ఆకుకూరలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, దాని బదులు పప్పులో నిమ్మకాయ పిండుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే ఆరోగ్య లక్ష్మి కింద రోజూ అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే పెడతారు, 2015 నుంచి ఉంది, అయినా మనలో కొందరు మొహమాటానికి వెళ్ళట్లేదు. అది మనకి దానం చేస్తున్నది కాదు, మన హక్కు. మధ్యాహ్నం బయట పనిలో ఉండేవాళ్ళకి 5 రూపాయల భోజనం క్యాంటీన్లు 2014 నుంచీ ఉన్నాయి, సెప్టెంబరు చివర్లో మోతీనగర్‌లో ఇందిరా క్యాంటీన్ మొదలై 5 రూపాయలకే టిఫిన్ కూడా పెడుతున్నారు, ఒంటరిగా ఉండే కుర్రాళ్ళు పొద్దున టీ బన్నుతో సరిపెట్టుకోకుండా అక్కడికి వెళ్ళమని చెప్తున్నాం.

మిగతా పనులు: రెండో వీధి డ్రైనేజీ మూత వేయించాం, బోరు మోటారు రిపేర్ అయ్యింది, వినాయక చవితి జమాఖర్చులు, ఉమ్మడి కొనుగోలు పద్దు రెండూ హాల్ బోర్డు మీద అంటించాం, ఎవరైనా చూసుకోవచ్చు, సందేహం ఉంటే కోశాధికారిని అడగండి.

వచ్చే ఏడాదికి కమిటీ ముందున్నవి రెండు. ఒకటి గుడ్లు, డిసెంబరులో ఒక్కోటి ఎనిమిది దాకా ఎక్కాయి, హోల్‌సేల్‌లో ముప్పై గుడ్ల ట్రేలు వారానికోసారి తెప్పించి అదే రేటుకి పంచాలని ఉంది, పగిలినవాటి నష్టం ఎవరిదన్నది ఇంకా తేలలేదు. రెండోది, నెల మొదట్లో ముందే డబ్బు కట్టలేని ఇళ్ళు కొన్ని ఉన్నాయి, రోజు కూలీ మీద బతికేవాళ్ళు, నిజానికి చవక పప్పు ఎక్కువ అవసరం వాళ్ళకే, ఉమ్మడి కొనుగోలు వాళ్ళదాకా చేరట్లేదు. వాళ్ళకి సంఘం నిధి నుంచి ముందు పెట్టి వారం వారం కట్టించుకుందామని ప్రతిపాదన, దీనికి ఎంత పెట్టాలో జనరల్ బాడీయే తేల్చాలి. నెలసరి చందా పెంచట్లేదు. ట్రేలు కావాల్సినవాళ్ళు ఇంటి నంబరు, ఎన్ని కావాలో హాల్లో పెట్టిన నోట్‌బుక్‌లో రాయండి.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున